అతిథి తువ్వాలు, పద్దెనిమిది పటాలు: సింక్లెయిర్ లూయిస్ వ్యంగ్యం పనిచేసే తీరు

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక చిక్కు విప్పుకుని ముందుకెళ్దాం. ఇవాళ మాట్లాడుకునేది సింక్లెయిర్ లూయిస్ గురించి. అప్టన్ సింక్లెయిర్ గురించి కాదు. ఇద్దరూ అమెరికన్లే, ఇద్దరిదీ ఒకే కాలం, ఇద్దరూ సమాజాన్ని ఉతికి ఆరేసినవాళ్ళే. అందుకని ఒకరి పుస్తకం ఇంకొకరి ఖాతాలో వేసేస్తుంటారు. చికాగో కబేళాల మీద రాసినాయన అప్టన్. తమాషా ఏమిటంటే, 1906లో ఆ అప్టన్ న్యూజెర్సీలో హెలికాన్ హాల్ అని పదిమందీ ఉమ్మడిగా బతికే కాలనీ ఒకటి పెట్టాడు. అక్కడ ఊడ్చే పనికీ, కొలిమి రాజేసే పనికీ వచ్చి కుదిరిన కుర్రాళ్ళలో ఒకడు మన లూయిస్. యేల్ యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలేసి వచ్చాడు. నెల తిరిగేసరికి ఆ పనీ వదిలేశాడు. తర్వాత మళ్ళీ వెళ్ళి చదువు పూర్తిచేశాడు లెండి, 1908లో.

ఇక ఈయన. 1885 ఫిబ్రవరి 7న మిన్నెసోటా రాష్ట్రంలో సాక్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఊరి డాక్టరు. ముగ్గురు కొడుకుల్లో ఇతను ఆఖరివాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. జీవితచరిత్ర ఇంతటితో ఆపేస్తాను. ఇంకా కావాలంటే మార్క్ షోరర్ అనే ఆయన 1961లో ఎనిమిది వందల పేజీలకు పైగా రాసిపెట్టాడు, చదువుకోవచ్చు. మనకి కావలసింది ఒకే ఒక్క ప్రశ్న. ఈయన వ్యంగ్యం ఎలా పనిచేస్తుంది?

వ్యంగ్యం అనగానే మనకేం గుర్తొస్తుంది? ఎత్తిపొడుపు, వెటకారం, కోతలు. ఎవడి ముక్కో కాస్త పొడుగ్గా ఉంటే దాన్ని మూరెడు చేసి చూపించడం. లూయిస్ మంచి పుస్తకాల్లో ఆ పని చెయ్యడు. ముక్కు దగ్గర టేపు పెట్టి కొలుస్తాడు. ఇన్ని అంగుళాలు, రాసుకోండి అంటాడు. నవ్వు అక్కడ పుడుతుంది. ఈ కొలత అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాను. కొలత సరిగ్గా కుదిరిన పుస్తకాలు ఇప్పటికీ నిలబడ్డాయి. కుదరనివి ఆయన బతికుండగానే పడిపోయాయి.

1920కి ముందు ఆయన చేసింది కూలి రాత. అందులో తప్పేం లేదు, చెయ్యి తిరిగింది. ప్రచురణ సంస్థల్లో ఉద్యోగాలు, పత్రికలకి కథలు, మారుపేరుతో పిల్లల పుస్తకం ఒకటి. కథాంశాలు అమ్ముకున్నాడు కూడా. ఎవరికి? జాక్ లండన్‌కి. అప్పటికే పేరు మోసిన రచయిత ఆయన, రాయడానికి సరుకు అయిపోయింది. ఈయన దగ్గర సరుకు దండిగా ఉంది, పేరు లేదు. ఒక్కో కథాంశం ఐదు డాలర్లు, ఆ చుట్టుపక్కల. బేరం కుదిరింది. ఆ తర్వాత 1914 నుంచి 1919 దాకా సొంత పేరుతో ఐదు నవలలు వచ్చాయి. వాటి జోలికి మనం వెళ్ళక్కర్లేదు.

1920 అక్టోబరులో ‘మెయిన్ స్ట్రీట్’ వచ్చింది. ఆరు నెలల్లో లక్షా ఎనభై వేల కాపీలు అమ్ముడైపోయాయి. కథ చెప్పుకుంటే ఏమీ లేదు. కేరల్ అనే చదువుకున్న పట్నం పిల్ల, లైబ్రేరియన్‌గా పనిచేసిన పిల్ల, గోఫర్ ప్రెయిరీ అనే చిన్న ఊరి డాక్టరు కెన్నికాట్‌ని పెళ్ళి చేసుకుని ఆ ఊరొస్తుంది. ఊరిని బాగుచేద్దామనుకుంటుంది. ఊరు బాగుపడదు. వదిలేసి వాషింగ్టన్ వెళ్ళిపోతుంది, మళ్ళీ తిరిగొస్తుంది. అంతే.

మరి లక్షా ఎనభై వేల మంది ఎందుకు కొన్నారు? అప్పటిదాకా అమెరికన్ పత్రికా కథల్లో చిన్న ఊరంటే ఏమిటి? మంచితనం, ఆప్యాయత, తలుపులకి తాళాలు వేసుకోనక్కర్లేని చోటు. పల్లెటూరి మీద మనకీ ఒక పాట ఉంటుంది కదా, అలాంటిదే. లూయిస్ ఆ పాట ఆపేసి టేపు తీశాడు. కేరల్ మొదటిరోజు ఊరు చూడ్డానికి బయల్దేరుతుంది. ఊరంతా, తూర్పు పడమర ఉత్తరం దక్షిణం, తిరిగేసరికి ఎంతసేపు పట్టింది? ముప్ఫై రెండు నిమిషాలు. అరగంట అని రాయలేదు చూడండి. ముప్ఫై రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆయన కలిపాడే, అదీ లూయిస్ అంటే. ‘చిన్న ఊరు’ అంటే మనం తల ఊపి ముందుకెళ్ళిపోతాం. ముప్ఫై రెండు నిమిషాలు అనేసరికి ఆ అమ్మాయి గుండె జారిపోవడం మనకి తెలుస్తుంది.

ఆ నడకలో ఆవిడకి ఏం కనబడుతుంది? కిరాణా కొట్టు అద్దంలో మగ్గి నల్లబడ్డ అరటిపళ్ళు, పక్కన లెట్యూస్ ఆకుకూర, దాని మీద పడుకుని నిద్రపోతున్న పిల్లి. మందుల షాపులో సోడా ఫౌంటెన్, అంటే చల్లటి సోడాలు కలిపి ఇచ్చే బల్ల, జిడ్డు పట్టిన చలవరాయి, దాని మీద ఎరుపూ ఆకుపచ్చా విరిగిన పాల పసుపూ అద్దం ముక్కలు అతికించిన దీపం గొడుగు. చదువుతుంటే మనకీ వికారంగా ఉంటుంది. అయ్యో పాపం అనుకుంటాం.

ఇక్కడితో ఆగి ఉంటే అది మామూలు వెటకారం. ఆగలేదు. అదే రోజు, అదే వీధిలో, ఇంకో అమ్మాయి నడుస్తుంది. బీ సోరెన్సన్, స్వీడన్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్ల, ఇళ్ళల్లో పని వెతుక్కోవడానికి వచ్చింది. అంతకుముందు ఆ పిల్ల చూసిన పెద్ద ఊరు జనాభా అరవై ఏడు. ఆ పిల్లకి అదే సోడా ఫౌంటెన్ కనబడుతుంది. అబ్బ, ఎంత పొడుగో! అంతా చలవరాయే! దాని మీద ఎంత పెద్ద దీపమో, ఎన్ని రంగుల అద్దాలో! అదే చలవరాయి, అదే దీపం. దీపం మారిందా? మారలేదు. చూసే కళ్ళు మారాయి. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టేసరికి మనం ఊరిని చూసి నవ్వాలా, కేరల్‌ని చూసి నవ్వాలా, బీని చూసి నవ్వాలా, తేల్చుకోలేం. కొన్ని వందల పేజీల తర్వాత, ఆ ఊరిని చూసి మురిసిపోయిన బీ, ఆ ఊళ్ళోనే, పాడైపోయిన బావి నీళ్ళ వల్ల టైఫాయిడ్ వచ్చి చనిపోతుంది. బిడ్డతో సహా. లూయిస్ అక్కడ వ్యాఖ్యానం పెట్టడు.

ఇంకో మాట. ‘మెయిన్ స్ట్రీట్’లో డాక్టర్ కెన్నికాట్‌ని మొద్దు మొగుడిగా చూపిస్తాడు అంటారు. చూపిస్తాడు. కానీ ఒక రాత్రి పల్లెలో రైతు ఇంట్లో, వంటింటి బల్ల మీద, నూనె దీపాల వెలుగులో అతను చెయ్యి తీసేసే ఆపరేషన్ చేస్తాడు. మత్తుకి ఈథరు. ఈథరు ఆవిరి దగ్గర మంట ఉంటే భగ్గుమంటుంది, ఆ సంగతి అతనికి తెలుసు. అయినా వేరే దారి లేదు, చేశాడు. డాక్టరు ఇంట్లో పుట్టినవాడికి ఆ పని లోపలి నుంచి తెలుసు. ఆ సన్నివేశం చదివాక ఆ మొద్దు మొగుణ్ణి చూసి మునుపటిలా నవ్వలేం. వ్యంగ్య రచయితల్లో చాలామంది ఈ పని చెయ్యరు. బొమ్మ చెడిపోతుందని భయం.

పులిట్జర్ బహుమతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. 1921లో న్యాయనిర్ణేతలు ‘మెయిన్ స్ట్రీట్’కే ఇమ్మన్నారు. పైన ఉన్న ధర్మకర్తలు ఒప్పుకోలేదు, ఎడిత్ వార్టన్ నవలకి ఇచ్చారు. ఎందుకు? నిబంధన ఒకటుంది. పులిట్జర్ తన వీలునామాలో, అమెరికన్ జీవితపు ‘సమగ్ర’ వాతావరణాన్ని చూపించే నవలకి ఇవ్వండి అని రాశాడు. అధికారులు ఇంగ్లీషులో ఆ ‘హోల్’ అన్న మాటకి ‘సమ్’ అని చిన్న తోక తగిలించి ‘హోల్‌సమ్’, అంటే ‘ఆరోగ్యకరమైన’ వాతావరణం అని మార్చారు. ఒక్క తోకే. దాంతో బావి నీళ్ళూ టైఫాయిడూ ఉన్న నవలకి దారి మూసుకుపోయింది. లూయిస్ వార్టన్ మీద అలిగాడా? లేదు. తర్వాతి నవల ఆవిడకే అంకితమిచ్చాడు.

ఆ తర్వాతి నవల ‘బాబిట్’, 1922. నా దృష్టిలో ఆయన పనితనం పరాకాష్ఠ ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఓపిక పట్టండి.

పని ఎలా చేసేవాడు? మొదట ఏ రంగం గురించి రాయాలో ఆ రంగం ఉన్న ఊళ్ళకి వెళ్ళి మకాం పెట్టేవాడు. ‘బాబిట్’ కోసం సిన్సినాటిలో కూర్చున్నాడు. క్లబ్బులు, హోటళ్ళు, రైలు పెట్టెల్లో పొగతాగే గదులు, ఎక్కడ వ్యాపారస్తులు నోరు విప్పుతారో అక్కడ. విన్నది నోటు పుస్తకాల్లో ఎక్కించేవాడు. రెండోది, ఒక్కో పాత్రకీ జాతకం లాంటి చిట్టా. వయసు, చదువు, జీతం, ఏ చర్చి, ఏ క్లబ్బు. మూడోది పేర్లు. పేరు కుదరకపోతే పాత్ర కదలదు ఆయనకి. బాబిట్‌కి మొదట అనుకున్న పేరు పంఫ్రీ. నోట్లో పెట్టుకుని చూడండి, పంఫ్రీ. గాలి తీసిన బుడగలా లేదూ? ఆ పేరుతో వెళ్ళి ఉంటే అది ఉత్త హాస్య పాత్రగా మిగిలేది. ‘బాబిట్’ అనేసరికి తలుపు గట్టిగా వేసినట్టుంది. ఆ పేరు తర్వాత ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది, ఆలోచన లేని ఆత్మతృప్తి వ్యాపారస్తుడు అన్న అర్థంలో. మనం ‘వాడొట్టి గిరీశం’ అంటామే, అలాగ.

నాలుగోది పటాలు. ఇది వినండి. బాబిట్ ఉండే నగరం పేరు జీనిత్. అది లేని ఊరు. ఆ లేని ఊరికీ, అది ఉన్న లేని రాష్ట్రం విన్నిమాక్‌కీ కలిపి లూయిస్ పద్దెనిమిది పటాలు గీసుకున్నాడు. ఆయన పోయాక, 1961లో అవి బయటపడ్డాయి. వీధులు, ఆఫీసు, బాబిట్ ఇంటి లోపల గదుల అమరిక, కుర్చీలూ మంచాలూ ఎక్కడ ఉన్నాయో అన్నీ గీసి ఉన్నాయి. ఇంత అవసరమా? అవసరమే. బాబిట్ ఇంటి నుంచి ఆఫీసుకి కారులో వెళ్ళేటప్పుడు ఏ మూల ఏ బిల్డింగు వస్తుందో రచయితకి తెలిస్తే, దాన్ని చూసి బాబిట్ ఏమనుకుంటాడో దానంతటదే వస్తుంది. ఆ పటాల పెట్టుబడి ఒక్క పుస్తకంతో ఖర్చైపోలేదు కూడా. తర్వాతి నవలల్లోనూ అదే విన్నిమాక్, అదే జీనిత్. మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల నడుమ దాన్ని ఇరికించేశాడు. చాలా నిజం నగరాలు, జీనిత్ అంటే మేమే అని పోటీ పడ్డాయి. తిట్టిన పుస్తకానికి!

ఇంత సరంజామా చేసుకుని ఏం రాశాడు? ముప్ఫై నాలుగు అధ్యాయాల నవలలో మొదటి ఏడు అధ్యాయాలు ఒక్క రోజు. 1920 ఏప్రిల్‌లో ఒక పొద్దున్న జార్జ్ ఎఫ్. బాబిట్, నలభై ఆరేళ్ళవాడు, ఇళ్ళ స్థలాల వ్యాపారి, నిద్ర లేవడం దగ్గర మొదలు. రాత్రి పడుకునేదాకా. కథ లేదు. మనిషీ, వస్తువులూ.

అలారం గడియారం. అది ఉత్త గడియారం కాదు, దేశమంతా ప్రకటనలు వచ్చే రకం, చర్చి గంటల మోత, ఆగి ఆగి మోగే ఏర్పాటు, చీకట్లో మెరిసే ముఖం. అంత ఖరీదైన గడియారం చేత లేపించుకోవడం బాబిట్‌కి గర్వం. తర్వాత స్నానాలగది. తళతళలాడే తెల్ల పలకలు, వెండిలా మెరిసే కొళాయిలు. గడ్డం గీసుకున్నాడు. పాత బ్లేడు ఏం చెయ్యాలో తెలీదు, మందుల బీరువా పైన పడేశాడు, అక్కడ ఇదివరకటి బ్లేడ్లు పోగుపడి ఉన్నాయి. మొహం తుడుచుకుందామని కళ్ళు మూసుకుని తువ్వాలు కోసం తడిమాడు. ఇంట్లో అందరి తువ్వాళ్ళూ తడిసి ముద్దయ్యాయి. ఒక్కటే పొడిగా ఉంది. అతిథి తువ్వాలు.

ఈ అతిథి తువ్వాలు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పూలు కుట్టిన చిన్న గుడ్డముక్క అది. బాబిట్ ఉండే పేట ఫ్లోరల్ హైట్స్‌లో మర్యాదస్తుల ఇల్లు అనిపించుకోవాలంటే ప్రతి ఇంట్లోనూ అది వేలాడాలి. దాన్ని ఎవరూ వాడరు. అతిథులు కూడా వాడరు! వాళ్ళు దొంగచాటుగా మామూలు తువ్వాలు కొస పట్టుకుని తుడుచుకుంటారు. ఆ పొద్దున్న బాబిట్ దానితో మొహం తుడిచేసుకున్నాడు. భార్య చూసి గొల్లుమంది. ఇప్పుడు చెప్పండి, ఇందులో అతిశయోక్తి ఎక్కడుంది? ఒక్క ముక్క పెంచి చెప్పలేదు. అద్దాల బీరువాలో పెట్టి, చుట్టాలొచ్చినా బయటికి తియ్యని కప్పులూ సాసర్లూ మనకి తెలియనివా?

అలాగే జేబులు. బట్టలు మార్చుకునేటప్పుడు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి ఏమేం మారుస్తాడో జాబితా ఇస్తాడు. ఫౌంటెన్ పెన్ను, వెండి పెన్సిలు. గొలుసుకి బంగారు చాకు, చుట్ట కత్తిరించే వెండి కత్తెర, ఏడు తాళం చెవులు. ఆ ఏడింటిలో రెండు దేనివో మర్చిపోయాడు. ఏడు, అందులో రెండు. మళ్ళీ కొలత. ఆ మర్చిపోయిన రెండు తాళం చెవులే ఆ మనిషి మొత్తం.

వ్యాపారం దగ్గరికొస్తే లూయిస్ టేపు ఇంకా బిగుస్తుంది. బాబిట్‌కి తనని ‘రియల్టర్’ అనాలి. ఇళ్ళ బ్రోకరు అంటే తక్కువ, రియల్టర్ అంటే లాయరూ డాక్టరూ లాంటి వృత్తి అన్నట్టుంటుంది. అతను వేసిన వెంచరు పేరు గ్లెన్ ఓరియోల్. గ్లెన్ అంటే లోయ, ఓరియోల్ అంటే పిట్ట. హైట్సూ వ్యాలీలూ తగిలించే వెంచర్ల పేర్లు ఇక్కడున్నవాళ్ళకి కొత్తేం కాదు, నేను విడమరచనక్కర్లేదు. ఆ వెంచరులో లోటు ఒక్కటే. మురుగు గొట్టాలు వేశారు గానీ, మురుగు బయటికి పోయే దారి చాలదు. కాబట్టి అది అందులోనే ఉండిపోయింది. వర్ణన లేదు, కంపు మాట లేదు. చాలినంత దారి లేదు, ఉండిపోయింది. అంతే.

పర్డీ అని ఒక కిరాణా కొట్టు యజమాని ఉంటాడు. అతని కొట్టు పక్క స్థలాన్ని లైట్ అనే ఆసామీ చేత బాబిట్ ముందుగా కొనిపిస్తాడు. అక్కడ ఇంకో కొట్టు వస్తే పర్డీ మునిగిపోతాడు. కాబట్టి పర్డీ వచ్చి, చెప్పిన ధరకి కొనుక్కోవాల్సిందే. లెక్క చివర్న తేలుస్తాడు: లైట్‌కి తొమ్మిది వేల డాలర్ల పైచిలుకు లాభం, బాబిట్‌కి నాలుగు వందల యాభై డాలర్ల కమీషను, పర్డీకి కొట్టు కట్టుకునే స్థలం. అందరికీ ఏదో ఒకటి దక్కిందన్నట్టు, పద్దు పుస్తకంలో రాసినట్టు రాస్తాడు. తిట్టు ఎక్కడుంది? ఆ పద్దు రాసిన పద్ధతిలో ఉంది.

మరి బాబిట్ దుర్మార్గుడా? కాదే. అదే చిక్కు. ప్రాణస్నేహితుడు పాల్ తన భార్య మీద కాల్పులు జరిపి జైలుకెళ్ళాక బాబిట్‌కి జీవితం మీద విసుగొస్తుంది. తిరగబడతాడు. వేరే స్త్రీతో తిరుగుతాడు, సమ్మె చేసేవాళ్ళ గురించి ఒక మంచి మాట అంటాడు. అప్పుడు ఊరి పెద్దల సంఘం వచ్చి, సభ్యుడిగా చేరు అంటుంది. కొట్టరు, తిట్టరు. చేరకపోతే వ్యాపారం రావడం ఆగిపోతుంది, క్లబ్బులో భోజనం బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయి. ఇతనికి లొంగాలని ఉంది, లొంగడానికి సాకు కావాలి. భార్యకి అపెండిసైటిస్ వస్తుంది, దొరికింది సాకు. ఎంత హాయిగా లొంగిపోతాడో చదవండి. అక్కడ మనకి నవ్వు రాదు.

‘ఆరోస్మిత్’, 1925. ఇక్కడ కొలత ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఎందుకంటే విషయం బాక్టీరియాలజీ. కాబట్టి పాల్ డి క్రైఫ్ అనే శాస్త్రవేత్తని వెంటబెట్టుకున్నాడు. ఆయన రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, వైద్యవృత్తి మీద ఎకసెక్కంగా రాసినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఇద్దరూ 1923లో ఓడెక్కి కరీబియన్ దీవులు తిరిగారు. రాబడిలో డి క్రైఫ్‌కి నాలుగో వంతు. అట్ట మీద మాత్రం పేరు లేదు, లోపల కృతజ్ఞతలే. దాని మీద ఆయనకి కాస్త మనసు నొచ్చుకుంది, న్యాయమే.

కథలో ఒక దీవిలో ప్లేగు వస్తుంది. నవల నాయకుడు, డాక్టరు మార్టిన్ ఆరోస్మిత్ దగ్గర ఫేజ్ ఉంది, అంటే బాక్టీరియాని తినేసే సూక్ష్మజీవి. అది పనిచేస్తుందని రుజువు కావాలంటే ఏం చెయ్యాలి? సగం మందికి ఇవ్వాలి, సగం మందికి ఇవ్వకూడదు. రెండు లెక్కలూ పోల్చాలి. ఇవ్వని సగంలో మనుషులు చచ్చిపోతారు, చూస్తూ ఊరుకోవాలి. గురువు గాట్లీబ్ దగ్గర అలాగే చేస్తానని మాటిచ్చి వచ్చాడు. ఇంతలో ఇంటి దగ్గర భార్య లియోరా, ప్లేగు సూక్ష్మజీవులు ఒలికిన సిగరెట్టు తెలియక కాల్చి, ఒంటరిగా చనిపోతుంది. మార్టిన్ కుప్పకూలి, అడిగిన ప్రతివాడికీ మందు ఇచ్చేస్తాడు. ప్లేగు తగ్గింది. మందు వల్ల తగ్గిందా, దానంతటది తగ్గిందా? ఇక ఎప్పటికీ తెలీదు. ప్రపంచం అతన్ని వీరుడంది. అతనికి మాత్రం తన ప్రయోగం మట్టిగొట్టుకుపోయిందని తెలుసు. ఔషధ పరీక్షల్లో పోలిక వర్గం ఎందుకు ఉండాలో ఇంతకన్నా బాగా చెప్పిన కథ నాకు తట్టదు.

దీనికి 1926లో పులిట్జర్ ఇచ్చారు. వెయ్యి డాలర్లు. వద్దన్నాడు. అక్కసు కొంత ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఉత్తరంలో రాసిన కారణం నిబంధన గురించే: ‘ఆరోగ్యకరమైన’ అని షరతు పెడితే మీరు సాహిత్యానికి కాదు, సత్ప్రవర్తనకి బహుమతి ఇస్తున్నారని.

‘ఎల్మర్ గాంట్రీ’, 1927, కపట బోధకుడి కథ. దీనికోసం కాన్సస్ సిటీలో మకాం పెట్టి, ఊళ్ళో ఉన్న రకరకాల శాఖల పాస్టర్లని భోజనాలకి పిలిచి కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. మీరు చెప్పేది మీరు నమ్ముతారా, నమ్మకపోతే ఎందుకు చెబుతున్నారు అని. పుస్తకం బయటికొచ్చాక బోస్టన్‌లో నిషేధించారు. నాకైతే ఈ నవల సగం నుంచి వదులవుతుంది. గాంట్రీలో బాబిట్‌కి ఉన్న మర్చిపోయిన తాళం చెవులు లేవు. అతనికి అన్నీ గుర్తే. లోపల అనుమానం లేని పాత్రని ఎంత కొలిచినా లోతు రాదు.

1930లో నోబెల్. సాహిత్యంలో అమెరికాకి అదే మొదటిది. ఒక మతాచార్యుడైన రచయిత, ఇది దేశానికి అవమానం అన్నాడు. లూయిస్ డిసెంబరు 12న స్టాక్‌హోమ్‌లో ఆ మాటకి బదులు చెబుతూ, నాకు కాదు నవలాకారుడు డ్రైజర్‌కి ఇచ్చినా సరిపోయేది అని, తర్వాత కుర్రవాళ్ళ పేర్లు చదివాడు. హెమింగ్వే, థామస్ వూల్ఫ్, ఫాక్నర్. 1930లో ఫాక్నర్ పేరు ఎంతమందికి తెలుసు? మనిషికి చూపుంది.

ఆ తర్వాత? దిగుడే ఎక్కువ. తాగుడు ముదిరింది. కారణం తాగుడే అంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. కార్మికుల మీద ఒక పెద్ద నవల రాయాలని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టాడు, మనుషుల్ని పెట్టుకున్నాడు, ఊళ్ళు తిరిగాడు, చేతకాలేదు. ఎందుకు? ఆయన కొలిచేది చెవితో. సేల్స్‌మన్, పాస్టరు, క్లబ్బు ఉపన్యాసకుడు, వీళ్ళంతా గలగలా మాట్లాడేవాళ్ళు. వాళ్ళని అలాగే అనుకరించి విందుల్లో గంటల తరబడి నవ్వించేవాడు. ఆచితూచి మాట్లాడే మనిషి ఎదురైతే ఆ చెవికి పనిలేదు. ఉత్త అనుకరణ చాలదనడానికి 1928 నాటి ‘ద మ్యాన్ హూ న్యూ కూలిడ్జ్’ చూడండి. మొదటినుంచి చివరిదాకా ఒకడే మాట్లాడతాడు. ఇరవై పేజీలు భలే ఉంటుంది, ఆ తర్వాత తలనొప్పి.

రెండు మినహాయింపులు. 1935లో ‘ఇట్ కాంట్ హ్యాపెన్ హియర్’. ఇక్కడ అలా జరగదులే అని. అమెరికాలో ఎన్నికల ద్వారానే నియంత ఎలా వస్తాడన్న కథ. రెండో భార్య డొరతీ థాంప్సన్ పేరున్న జర్నలిస్టు. హిట్లర్‌ని ఇంటర్వ్యూ చేసింది, 1934లో జర్మనీ నుంచి వెళ్ళగొట్టారు. కాబట్టి ఈసారి కొలతలు ఇంట్లోనే దొరికాయి. వచనం హడావిడిగా ఉంటుంది. కానీ షాడ్ లెడ్యూ అని ఒక పాత్ర ఉంది. పత్రికా సంపాదకుడి ఇంట్లో గడ్డి కోసే పనివాడు. కొత్త ప్రభుత్వంలో అతనే ఆ ప్రాంతానికి అధికారి అవుతాడు. పాత యజమాని ఇంటికి వచ్చి కుర్చీలో ఎలా కూర్చుంటాడో చూడండి, నియంతృత్వం అంటే ఏమిటో ఆ కుర్చీ దగ్గర తెలుస్తుంది. 1936 అక్టోబరు 27న దీని నాటకం ఒకే రాత్రి దేశంలో ఇరవైకి పైగా థియేటర్లలో వేశారు. 2016 అమెరికా ఎన్నికల తర్వాత జనం మళ్ళీ ఎగబడి కొన్నారు, కొన్నాళ్ళు కాపీలు దొరకలేదు.

రెండోది 1947 నాటి ‘కింగ్స్‌బ్లడ్ రాయల్’. బ్యాంకు ఉద్యోగి, తెల్లవాడు, తన వంశంలో రాజరక్తం ఉందేమోనని తవ్వుతాడు. తేలింది నల్లజాతి పూర్వీకుడు. ముప్ఫై రెండో వంతు రక్తం. మళ్ళీ చూడండి, లెక్క! ముప్ఫై రెండులో ఒక వంతు కోసం బ్యాంకు ఉద్యోగం పోతుంది, స్నేహితులు పోతారు, చివరికి ఇంటి మీదకి జనం వస్తారు. శిల్పంగా గొప్పది కాకపోవచ్చు. ఆ భిన్నాన్ని నవల మొత్తానికి ఇరుసు చేశాడే, అది పాత లూయిసే.

1951 జనవరి 10న రోమ్‌లో చనిపోయాడు. చితాభస్మం సాక్ సెంటర్‌కి తీసుకొచ్చారు. ‘మెయిన్ స్ట్రీట్’ వచ్చినప్పుడు ఆ ఊరు ఎంత మండిపడిందో, ఇప్పుడు అక్కడి పెద్ద వీధికి ‘ఒరిజినల్ మెయిన్ స్ట్రీట్’ అని బోర్డు. హైస్కూలు ఆటల జట్ల పేరు ‘మెయిన్‌స్ట్రీటర్స్’.

ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇందాక ముందు వరసలో అడిగారు. ‘బాబిట్’ మొదటి ఏడు అధ్యాయాలు, ఒకే కూర్చున్నపాటున. ఒక రోజు కదా, ఒక రోజులోనే చదవండి. అది నచ్చితే ‘ఆరోస్మిత్’. ‘మెయిన్ స్ట్రీట్’ మూడోది, ఎందుకంటే మధ్యలో ఒక వంద పేజీలు కేరల్ సంస్కరణలు సాగుతాయి, అక్కడ వదిలేసే ప్రమాదం ఉంది. వదలాలనిపిస్తే కనీసం ఆ కిరాణా కొట్టు పిల్లి దాకా, తర్వాత బీ నడక దాకా చదివి వదలండి. ఈ మూడింటికీ అమెరికాలో కాపీరైటు గడువు తీరింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు పంపిస్తారా?